బ్యారేజీ లెక్కలో జారిపోయే నీళ్లు

2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి సుమారు 11.43 లక్షల క్యూసెక్కుల వరద కిందికి వెళ్లింది. ఆ ఉద్ధృతి 24 గంటలూ అలాగే సాగిందనుకుని లెక్కిస్తే 9,875 కోట్ల 52 లక్షల ఘనపుటడుగులు, అంటే దాదాపు 99 టీఎంసీలు. 64 బిట్ల పూర్ణాంకంగా దాచుకుంటే కంప్యూటర్ దీన్ని పొల్లు పోకుండా చెబుతుంది. 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్‌లోకి మారిస్తే మాత్రం 1,024 ఘనపుటడుగులు తగ్గుతాయి.

అది యంత్రం చేసిన తప్పు కాదు, సంఖ్యను అంకెలుగా, ఘాతంగా విడదీసి దాచే ఈ పద్ధతి స్వభావమే అంత. 1941లో బెర్లిన్‌లో కొన్రాడ్ జూసే నిర్మించిన జెడ్-3 యంత్రం ఒక్కో సంఖ్యకు 22 బిట్లు కేటాయించింది: గుర్తుకు 1, ఘాతానికి 7, అంకెలకు 14. అతి పెద్దవీ అతి చిన్నవీ ఒకే చోటులో ఇమిడిపోతాయి, బదులుగా చివరి అంకెలను వదులుకోవాలి. తర్వాత ఒక్కో కంపెనీ ఒక్కో తీరు పట్టడంతో ఒకే లెక్కకు వేర్వేరు యంత్రాలు వేర్వేరు జవాబులిచ్చేవి. బర్క్‌లీ ఆచార్యుడు విలియం కహాన్ పట్టుదలతో ఆ గందరగోళం సర్దుకుంది. 1980లో ఇంటెల్ 8087 చిప్, 1985లో ఐట్రిపుల్ఈ 754 ప్రమాణం వచ్చాయి. 1989లో కహాన్‌కు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

ఈ ప్రమాణంలో 32 బిట్ల సంఖ్యకు అంకెల కోసం దక్కేవి 24 బిట్లే. 1,67,77,216 వరకు ప్రతి పూర్ణాంకమూ సరిగ్గా ఉంటుంది. అది దాటాక రెండేసి, నాలుగేసి, ఎనిమిదేసి చొప్పున దూకుతుంది. మన వరద సంఖ్య దగ్గర ఒక్కో దూకుడు 8,192.

అసలు ప్రమాదం కూడికలో ఉంది. ఆ మొత్తానికి చేరాక కాలువ నీటిని సెకనుకు 2,000 ఘనపుటడుగుల చొప్పున కలుపుతూ పోయామనుకోండి. 2,000 అనేది దూకుడులో సగం కూడా కాదు కాబట్టి ప్రతిసారీ జవాబు దగ్గరలోని పాత సంఖ్యకే సర్దుకుంటుంది. గంటసేపు కలిపినా మొత్తం కదలదు! ఎర్ర దీపం వెలగదు, హెచ్చరిక రాదు, నివేదిక మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. నాకు భయం కలిగించేది ఈ నిశ్శబ్దమే.

64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపానికి అంకెల కోసం 53 బిట్లు దక్కుతాయి కనుక దాదాపు 9 వేల లక్షల కోట్ల దాకా పూర్ణాంకాలకు ఢోకా లేదు. నీటి లెక్కకు అది చాలు. 16 అంకెలు దాటిన గుర్తింపు సంఖ్యలకు అదీ చాలదు, వాటిని అక్షరాలుగానే దాచాలి.

డెల్టాలో ప్రతి చుక్కకూ పంచాయితీ ఉంటుంది. మీటర్ల లెక్కలు రాసే ఇంజనీర్లు మొత్తాన్ని పూర్ణాంకంలోనే కూడి, టీఎంసీలుగా చూపించేటప్పుడు మాత్రమే ఫ్లోటింగ్ పాయింట్‌లోకి మార్చాలి.