మొదటి కాన్పు కోతైతే రెండవదీ కోతేనా?

పసుపు తవ్వకాలు సాగుతున్న రోజులలో, వేల్పూర్‌లోని మా వైద్యశాలకు ఒక అత్తగారు ఎనిమిదవ మాసపు కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. “అయ్యా, మొదటి కాన్పు ఆపరేషనయింది. ఇప్పుడు గూడ కోతేనా? నెలలు నిండినంక ఆముదం తాగిస్తే మామూలుగ అయితదా?” అని అడిగింది. మొదటి ప్రశ్నకు ‘తప్పనిసరి కాదు’ అన్నాను. రెండవ దానికి ‘ఎంతమాత్రం వద్దు’ అన్నాను. కారణాలు ప్రతి ఇల్లాలూ తెలిసికొనదగినవి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశమంతటా చూస్తే అది 21.5 మాత్రమే. కనుక ఈ ప్రశ్న మన ప్రాంతంలో ఎన్నో ఇండ్లది.

ప్రయోజనాలు

తగిన స్త్రీలు ప్రయత్నించినప్పుడు నూటికి సుమారు 60 నుండి 80 మందికి సహజ ప్రసవం జరుగుతుంది. పొట్టపై మరొక గాయం ఉండదు. తల్లి త్వరగా లేచి తిరుగుతుంది, బిడ్డకు వెంటనే పాలివ్వగలుగుతుంది. శిశువుకు శ్వాస ఇబ్బందులు తక్కువ. అన్నిటికంటె ముఖ్యం, కోతలు పెరిగిన కొద్దీ తరువాతి గర్భాలలో మాయ పాత మచ్చకు లోతుగా అతుక్కొని ప్రాణాంతక రక్తస్రావం కలిగించే ప్రమాదం హెచ్చుతుంది. ఆ భయం తగ్గుతుంది.

ఎవరికి తగును?

గర్భాశయపు కింది భాగంలో ఒకే అడ్డకోత ఉన్నవారికి, బిడ్డ తలక్రిందుగా ఉన్నవారికి, మొదటిసారి కోతకు దారితీసిన కారణం మళ్ళీ లేనివారికి తగును. నిలువుకోత ఉన్నా, మాయ ద్వారానికి అడ్డుగా ఉన్నా, గర్భాశయం పూర్వం చిట్లినా తగదు. చర్మంపై మచ్చను చూచి లోపలి కోతను నిర్ణయించరాదు. మొదటి ఆపరేషను కాగితాలే దానికి ఆధారం. రెండు కాన్పుల నడుమ ఏడాదిన్నర కంటె తక్కువ ఎడముంటే మచ్చ విచ్చే భయం హెచ్చు.

ఆముదం ఎందుకు వద్దు?

పాత మచ్చ విచ్చుట సుమారు 200 మందిలో ఒకరికి సంభవిస్తుంది. అరుదే అయినా, అప్పుడు నిమిషాలలో ఆపరేషను చేయకున్న తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు. ఆముదం, కషాయాలతో బలవంతాన నొప్పులు రప్పించుట ఆ మచ్చను పరీక్షకు పెట్టుటే. నొప్పులు తెప్పించే కొన్ని ఆధునిక ఔషధాలను సైతం ఇట్టివారికి వాడరు. కనుక ఈ కాన్పు ఇంట్లో కాదు, ఆపరేషను థియేటరు, మత్తు వైద్యుడు, రక్తం సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. నొప్పుల నడుమ ఆగని కడుపునొప్పి, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గుట కనిపిస్తే క్షణమైనా ఆలస్యం తగదు.

మా గురువుల వద్ద నేర్చిన శాస్త్రంలో ప్రసవకారకం అపానవాయువు. దానిని హింసించక అనుకూలింపజేయుటే గర్భిణీచర్య. పాలు, నెయ్యి, పెసరకట్టు మితంగా, నిత్యం కొంత నడక, మనసుకు ధైర్యం చాలు. తొమ్మిదవ మాసపు తైల వస్తి, పిచువులను ఇట్టివారికి ప్రసూతి వైద్యుల సమ్మతి లేక చేయరాదు. సుశ్రుతుడు మూఢగర్భానికి శస్త్రం చెప్పాడు. అవసరమైన కోతను నిందించుట మన సంప్రదాయం కాదు.

ఆ కోడలిని పాత కాగితాలతో నిజామాబాద్ పంపాను. అడ్డకోతేనని, ప్రయత్నించవచ్చునని వైద్యురాలు చెప్పారట. మీరూ ఆ కాగితాలను భద్రపరచండి. ముహూర్తం కోసం మాత్రం కోతను కోరకండి. సహజ ప్రసవం సాధ్యమా అని మూడవ మాసంలోనే అడగండి.