ఛాయాచిత్రములకు పేర్లు వ్రాయుట

ఛాయాచిత్రము వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ వ్రాసి ఉంచుట మన యిండ్లలో పాత అలవాటు. నేటి డిజిటల్ చిత్రమునకు వెనుకవైపు లేదు. కాని వ్రాయుటకు చోటు లేకపోలేదు. ఫైలులోనే అక్షరములకు కొంత తావు కలదు. అందు మనము చేర్చు గుర్తుమాటలనే కీవర్డులందురు.

తీసిన తేదీ, వేళ, కెమెరా రకము ఎక్జిఫ్ పద్ధతిలో తమంతట తామే నమోదగును. కాని పెండ్లిపందిరిలో కుడిప్రక్క నిలిచిన ముసలమ్మ యెవరో కెమెరా యెరుగదు. ముఖములను పోల్చు సాఫ్ట్‌వేరు ఇవి రెండును ఒకరివే యనగలదు. పేరు మాత్రము మనము చెప్పవలసినదే.

ఇందుకు నియమము లెక్కువ లేవు. ఒక విషయమునకు ఒకే మాట వాడవలెను. ఒకచోట ‘పెళ్ళి’ అనియు, మరొకచోట ‘వివాహము’ అనియు వ్రాసినచో వెదకునపుడు కొన్ని చిత్రములే దొరకును. లైట్‌రూమ్, డిజికామ్ వంటి సాఫ్ట్‌వేరులలో మాటలను వరుసగా అమర్చవచ్చును: ‘ఊళ్ళు’ క్రింద ‘రాజమహేంద్రవరము’, దాని క్రింద ‘పుష్కరాల రేవు’. ఒకే వేడుక చిత్రములనన్నిటిని ఎంచి ఒక్కసారే గుర్తు వేయవచ్చును. మనుష్యులకు మాత్రము వరుసలు గాక, ఇంటిపేరుతో సహా పేర్లే వ్రాయవలెను. నేడు మనము ‘తాతయ్య’ యని వ్రాసినచో, రేపు మన మనుమలకు ఆ తాతయ్య వేరొకరగును.

ఇంతకంటె ముఖ్యమైన దొకటున్నది: ఆ మాటలు ఎచ్చట నిలుచును? లైట్‌రూమ్ క్లాసిక్ వానిని మొదట తన కేటలాగులో దాచుకొనును. ‘మెటాడేటాను ఫైలులో భద్రపరచు’ ఆజ్ఞ యిచ్చినగాని అవి చిత్రముతో కలిసి ప్రయాణింపవు. సాఫ్ట్‌వేరు శాశ్వతము కాదు. ఎందరో వాడిన పికాసాను గూగుల్ 2016లో నిలిపివేసినది. ఐపిటిసి, ఎక్స్‌ఎంపి అను ఉమ్మడి పద్ధతులలో ఫైలునందే వ్రాసిన మాటలను మరొక సాఫ్ట్‌వేరును చదువగలదు. వాట్సాప్‌లో చిత్రమును మామూలుగా పంపినచో ఈ వ్రాత చాలవరకు రాలిపోవును. డాక్యుమెంటుగా పంపుట మేలు.

కావున పనిని కొత్త చిత్రములతో గాక, స్కాను చేయించిన పాత చిత్రములతో ఆరంభింపుడు. ఇంటి పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆదివారమునకు పది చిత్రముల చొప్పున పేర్లు అడిగి వ్రాసికొనుడు. సాఫ్ట్‌వేరును ఎప్పుడైనను నేర్వవచ్చును. ఆ ముఖములను గుర్తుపట్టు కన్నులు మనకై ఎల్లకాలము వేచియుండవు.