ఒక్క పేరులో ఇమడని మనుషులు

పిట్టంపల్లి సుదర్శన్‌ ఎవరని అడిగేవాళ్లుంటారు గానీ ‘దాసి’ సుదర్శన్‌ అంటే ఇట్టే గుర్తుపడతారు. ఈ మిర్యాలగూడ మనిషి బొమ్మలు గీశారు, ఫొటోలు తీశారు, కవిత్వం రాశారు, పత్రికలకు పనిచేశారు. లోకం మాత్రం ఒక సినిమాను తీసుకొచ్చి ఆయనకు ఇంటిపేరు చేసింది. 2024లో కన్నుమూసినప్పుడు కూడా వార్తలకెక్కింది ఆ పేరే.

1988 నాటి ‘దాసి’కి అయిదు జాతీయ అవార్డులొచ్చాయి. దుస్తుల రూపకల్పనకు సుదర్శన్‌, కళాదర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠం అందుకున్నారు. దర్శకుడు బి.నర్సింగరావు సరేసరి, కుంచె, కలం, కెమెరా మూడూ పట్టినవారే. గడీలో దాసి కట్టే చీర ఎంత వెలిసిపోయి ఉండాలో, దొరసాని పట్టుచీర పక్కన అదెట్లా కనబడాలో రంగులతో బతికినవాళ్లకు ఒకరు చెప్పాలా? సుదర్శన్‌ను బొమ్మల దగ్గరే ఆగిపొమ్మని ఉంటే ఆ చీరలకు ఆ కన్ను దొరికేది కాదు.

బొమ్మలేసే పిల్ల డప్పు కూడా నేర్చుకుంటానంటే ఇంట్లో వినబడే మాట ఒకటే: ‘ఏదన్న ఒక్కటి పట్టుకోరాదు బిడ్డా!’ నల్లగొండ, పాలమూరు కళలకు ఈ సలహా ఎన్నడూ పట్టలేదు. నాగర్‌కర్నూల్‌ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యనే చూడండి. వెదురు, సొరబుర్రలు, తేనెమైనంతో పన్నెండు మెట్ల కిన్నెర కడతారు, దాన్ని వాయిస్తారు, పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెబుతారు, పాడతారు. ఇందులో ఏది ఆయన అసలు కళ? ఒకటి తీసేస్తే మిగతావి నిలబడవు.

సుద్దాల హనుమంతుదీ ఇదే దారి, ఇంకా పదునుగా. తెలంగాణ సాయుధ పోరాటపు రోజుల్లో ఆయన పాటతో సరిపెట్టుకోలేదు. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం... ఊరి జనానికి ఏది అలవాటైతే దాన్నే పట్టుకుని అందులో వెట్టిచాకిరీ సంగతి నింపారు. గొంగడి కప్పుకుని కర్ర పట్టుకుని వచ్చే సుద్దులవాళ్లను ఊరు ముందే ఎరుగును కదా, ఇక చెవి ఒగ్గడానికి అడ్డేముంది? అన్నీ అంటించుకుని ఏదీ ముగించని బాపతు ఇది కాదు. చెప్పాల్సింది ఒక్కటే ఉంది, దాని కోసం ఎన్ని రూపాలైనా నేర్చుకున్నారు.

అయితే పొట్ట సంగతి? కపిలవాయి లింగమూర్తి పాలెం ఓరియంటల్‌ కళాశాలలో పాఠాలు చెబుతూనే పద్యాలల్లారు, పాలమూరు గుళ్ల చరిత్ర, శాసనాలు వెతికారు. జీతం ఒకవైపు నడుస్తుంటే కళలు ఒకదాని మీద ఒకటి బరువు వేసుకోవు. కిన్నెరే జీవనమైన మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకు ఆయన కూలిపనికి వెళ్తున్నారని పత్రికలు రాశాయి. బహుకళల బతుకు గురించి ముచ్చటగా మాట్లాడేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఇక ఈ నేల చూసిన పెద్ద ఉదాహరణ సురవరం ప్రతాపరెడ్డి. వకీలు, ‘గోలకొండ’ పత్రిక సంపాదకుడు, నాటకకర్త, కథకుడు. 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసేటప్పుడు కావ్యాలను తిరగేసి తిండి, బట్ట, ఆటలు, జాతరలు ఏరారు. ఉత్త చరిత్రకారుడైతే రాజుల వరుస దగ్గరే ఆగేవారేమో. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.