సమోసా వారి అబ్బాయి

మా కొంగరకలాన్ పేరులో సగం పారశీకం. 'కలాన్' అంటే పెద్దది. మహేశ్వరం వైపు కొంగర ఖుర్ద్ ఉంది. 'ఖుర్ద్' అంటే చిన్నది. మదరసాలో ఫార్సీ మొదటి పుస్తకం పట్టిన పిల్లలకు ఈ రెండు పదాలను ఊరి పేర్లతోనే నేర్పుతుంటాను. ఒకరోజు ఓ విద్యార్థి, "ఉస్తాద్, మనం తినేవాటికి కూడా ఫార్సీ పేర్లున్నాయా?" అని అడిగాడు. "సమోసా" అన్నాను. తరగతి గొల్లున నవ్వింది. ఆ నవ్వు నా జవాబుకు కాదని, మూడో వరుసలో తల వంచుకొన్న అబ్బాయిని చూశాక గాని నాకు అర్థం కాలేదు.

ఆ అబ్బాయి తండ్రి సైకిల్ మీద సమోసాలు అమ్ముతాడు. తరగతిలో అదే పేరు గల మరో బాలుడు ఉన్నాడు. ఎవరిని పిలుస్తున్నానో తెలియడం కోసం ఇతణ్ణి మొదట "సమోసా వారి అబ్బాయి" అని పిలిచినవాణ్ణి నేనే. అందులో ఏ దురుద్దేశమూ లేదు. కాని పిల్లలు ఆ పిలుపును కుదించి "సమోసా" చేశారు. సాయంత్రం తండ్రి సైకిల్ ఎదురైతే ఆ పిల్లవాడు ప్రక్క సందులోకి తప్పుకొంటున్నాడని తరువాత తెలిసింది. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఒక్క పిలుపుతో ఒక కుమారుణ్ణి తండ్రి కంటబడకుండా చేశాను.

మరుసటి వారం వ్యాకరణం ప్రక్కన పెట్టి సమోసా చరిత్ర చెప్పాను. పాఠకుల ఇళ్లలోనూ పిల్లలుంటారు గనుక ఆ పాఠాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

పారశీకంలో దీని పాత పేరు సంబోసగ్. అరబ్బుల నోట అది సంబూసజ్ అయింది, సంబూసక్ అయింది. తొమ్మిదో శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫాల ఆస్థాన గాయకుడు ఇస్‌హాఖ్ అల్ మౌసిలీ దీనిని మెచ్చుకొంటూ ఏకంగా ఒక కవిత చెప్పాడు. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్ను సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన వంటల గ్రంథంలోనూ ఇది కనిపిస్తుంది. వర్తకులు, సైనికులు, వంటవారు దీనిని తూర్పుకు తెచ్చారు. ఢిల్లీలో అమీర్ ఖుస్రో కాలానికి మాంసం, నెయ్యి, ఉల్లితో చేసిన సమోసా ప్రభువుల పళ్లెంలో ఉంది. పధ్నాలుగో శతాబ్దంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువుకు వచ్చిన ఇబ్ను బతూతా, రాజభోజనంలో వడ్డించిన సంబూసక్‌ను శ్రద్ధగా వర్ణించాడు: సన్నగా కొట్టిన మాంసంలో బాదం, అక్రోటు, పిస్తా, ఉల్లి, మసాలాలు చేర్చి, పల్చని రొట్టెలో చుట్టి నేతిలో వేయించేవారట. మాండూ సుల్తాను గియాస్ షాహీ కొలువులో మొదలైన 'నిమత్‌నామా' అనే వంటల గ్రంథంలోనైతే సమోసాలు ఒకటి కాదు, అనేక రకాలున్నాయి.

ఇక్కడ పిల్లలను ఒక ప్రశ్న అడిగాను. ఇంతమంది వర్ణించారే, ఒక్కరైనా ఆలుగడ్డ మాట ఎత్తారా? లేదు. పచ్చిమిరప మాట? అదీ లేదు. ఈ రెండూ అమెరికా ఖండాలలో పుట్టినవి; పోర్చుగీసువారి ఓడలలో మన తీరానికి వచ్చినవి. ఆలుగడ్డ సాగు మన దేశంలో విస్తరించింది ఆంగ్లేయుల కాలంలోనే. నేడు దేశమంతటా 'అసలైన సమోసా'గా చెలామణి అవుతున్న ఆలూ సమోసా నిజానికి ఆ వంశంలో చిన్న తమ్ముడు.

ప్రాంతం మారితే సమోసా రూపమూ మారుతుంది. పంజాబులో పై పొర మందం. లోపల చిదిమిన ఆలుగడ్డ, బఠాణీ. బెంగాలులో దీనిని శింగాడా అంటారు. అక్కడ ఆలుగడ్డను చిదమరు, ముక్కలుగానే ఉంచి పల్లీలు వేస్తారు, చలికాలంలో గోబీపువ్వు చేరుస్తారు. గోవాలో ఇది చమూసా. ఆ పేరుతోనే పోర్చుగల్‌కూ మొజాంబిక్‌కూ చేరింది. సోమాలియాలో, అరబ్బు దేశాలలో రమజాన్ వచ్చిందంటే ఇఫ్తార్ విస్తరిపై సంబూసా ఉండవలసిందే. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన సోదరులను అడగండి, వారు దాని రుచి చెబుతారు.

మన హైదరాబాద్ ప్రాంతానిది వేరే త్రోవ. ఇక్కడ రెండు సంతానాలు. ఒకటి లుఖ్మీ: నలుచదరంగా, పల్చగా, ఖీమాతో. 'లుఖ్మా' అంటే ముద్ద. పెళ్లివిందులో బిర్యానీకి ముందు వచ్చే మొదటి ముద్ద ఇదే. ఈనాడు కొన్ని విందులలో దాని స్థానాన్ని పేరు పలకడానికే కష్టమైన వంటకాలు ఆక్రమిస్తున్నాయి. అది నాకు నచ్చదు. రెండవది ఇరానీ చాయ్ ప్రక్కన కనిపించే చిన్న ఉల్లిగడ్డ సమోసా. దానికి చట్నీ అక్కరలేదు. కరకరలాడే పల్చని పొరే దాని గౌరవం.

ఆ పొర ఎలా పుడుతుందో నాకు యాభై ఏళ్లు దాటాకే తెలిసింది. క్షమాపణ చెప్పుకోవడానికి ఫజ్ర్ నమాజు తరువాత ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాను. అప్పటికే ఇల్లంతా పనిలో ఉంది. మైదాను గట్టిగా కలిపి పల్చని రొట్టెలు వత్తుతున్నారు. రొట్టెకూ రొట్టెకూ మధ్య నూనె రాసి, పొడిపిండి చల్లి, కొన్నింటిని పేర్చి, అన్నింటినీ కలిపి మళ్లీ వత్తి, పెనం మీద అటూ ఇటూ కొద్దిగా వేడిచేస్తున్నారు. అబ్బాయి తల్లి ఆ వేడి మీదే పొరలను ఒక్కొక్కటిగా విడదీస్తోంది. చల్లారితే పొరలు అంటుకొని చినిగిపోతాయి గనుక వేళ్లు కాలుతున్నా ఆగడానికి లేదు. తరువాత వాటిని పొడవైన పట్టీలుగా కోస్తారు. సన్నగా తరిగిన ఉల్లిలో ఉప్పు, కారం, కొత్తిమీరతో పాటు గుప్పెడు అటుకులు కలుపుతారు. ఉల్లి వదిలే నీటిని అటుకులు పీల్చుకొంటాయి. లేకుంటే పట్టీ మెత్తబడుతుంది. చివర మైదా జిగురుతో అంటిస్తారు. నేను అయిదు రూపాయలకు కొని రెండు కొరుకుళ్లలో తినే వస్తువు వెనుక ఇంత పని ఉందని ఊహించలేదు.

నా క్షమాపణను ఆయన పట్టించుకోలేదు. "పేరుదేముంది మౌల్వీ సాబ్, సమోసా అమ్మేవాణ్ణి సమోసా వాడనే అంటారు. పిల్లవాడు చదువుకొంటే చాలు" అన్నాడు. తల్లి మాత్రం తల ఎత్తలేదు. ఆమె మౌనమే నాకు సరైన జవాబనిపించింది.

ఆయన బేరం 2022 ఆగస్టు నుండి మారింది. అప్పుడే రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ కొత్త భవనం మా ఊళ్లో ప్రారంభమయింది. భూమి కాగితాల కోసం, అర్జీల కోసం దూర గ్రామాల నుండి వచ్చేవారు ఉదయం నుండి నిలబడి ఉంటారు. వారికి చాయ్, సమోసానే మధ్యాహ్న భోజనం. తరువాత ఫాక్స్‌కాన్ కర్మాగారం వచ్చింది. నిర్మాణ పనులకు వచ్చిన ఉత్తరాది కూలీలు ఈ చిన్న సమోసాను చేతిలోకి తీసుకొని, "లోపల ఆలుగడ్డ ఏది?" అని అడిగేవారట. ఆయన వారిలో ఒకరి దగ్గరే పెద్ద సమోసా చేయడం నేర్చుకొన్నాడు. ఇప్పుడు గంపలో ఒక ప్రక్క మనది, మరో ప్రక్క వారిది.

ఆయన పద్ధతులు రెండు నాకు నచ్చాయి. రమజాన్ సాయంత్రాలలో మసీదు దగ్గర ఖీమా సమోసా అమ్ముతాడు. దానికి మూకుడు వేరు, నూనె వేరు. పగలు ఆఫీసు దారిలో కొనేవారిలో మాంసం ముట్టనివారు ఉంటారు, వారి నమ్మకాన్ని చెడగొట్టకూడదంటాడు. రెండవది ఉల్లిగడ్డ ధర మండినప్పటి సంగతి. అటువంటి రోజులలో చాలామంది లోపల క్యాబేజీ నింపుతారు. క్యాబేజీ తినకూడనిదేమీ కాదు. దానిని ఉల్లిగడ్డ సమోసా అని అమ్మడంలోనే చిక్కు ఉంది. పైన పొడిగా, అడుగున తడిగా ఉన్న ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూసి, ఆ తడిని పైకి కనబడేలా ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం మన పాఠకులు ఎరిగినదే. ఈయనా క్యాబేజీ వేస్తాడు, కాని ముందే చెబుతాడు. కొందరు వెనుదిరిగి పోతారు.

నచ్చని సంగతులూ ఉన్నాయి. నూనె నల్లబడింది. "ఎన్నాళ్లది?" అని అడిగితే నవ్వి ఊరుకొన్నాడు. పదేపదే కాచిన నూనెలో హానికరమైన పదార్థాలు పెరుగుతాయి. వాటి మొత్తం 25 శాతం దాటిన నూనెను వాడరాదని 2018 జూలై 1 నుండి దేశమంతటా నియమం ఉంది. కొలిచే పరికరం వీధి వ్యాపారి దగ్గర ఉండదు. కాని నూనె చిక్కబడటం, నురగ కట్టడం, త్వరగా పొగ రావడం కంటికి కనిపించేవే. హలాల్ అయితే సరిపోదు, తయ్యిబ్ కూడా కావాలి, అంటే పరిశుద్ధంగా ఉండాలి అని చెప్పాను. "రోజూ నూనె పారబోస్తే సమోసా ఏడు రూపాయలవుతుంది. మీరు కొంటారా?" అన్నాడు. ఆ ప్రశ్న నాతో సహా బేరమాడేవారందరికీ చెందుతుంది. కొంటానన్నాను. ఇప్పుడు ఏడు రూపాయలకే కొంటున్నాను. నూనె మునుపటి కన్నా తేటగా ఉంది, రోజూ మారుస్తున్నాడని మాత్రం ప్రమాణం చేయలేను.

పొట్లం కాగితం విషయంలో ఒక చిన్న వాదన జరిగింది. అల్లాహ్ పేరు ఉంటుందన్న గౌరవంతో ఉర్దూ పత్రికను వాడడు, తెలుగు, ఇంగ్లీషు పత్రికలు వాడతాడు. భాష ఏదైనా సిరా ఒకటేనని, వేడి నూనెకు అది కరిగి తిండిలో చేరుతుందని, అచ్చు కాగితంలో తినుబండారాలు చుట్టడం నిషేధమని చెప్పాను. ఇప్పుడు తెల్ల కాగితం కొంటున్నాడు. ఈ మాసపత్రికను చదివాక ఎవరికైనా పొట్లాలకు ఇచ్చే అలవాటు ఉంటే దయచేసి మానండి.

తరగతిలో ఇప్పుడు ఇద్దరు పిల్లలనూ వారి తండ్రుల పేర్లతో కలిపి పిలుస్తున్నాను. ఆ అబ్బాయి సైకిల్‌ను చూసి తప్పుకోవడం పూర్తిగా మానలేదు, కొన్నాళ్లు పడుతుంది. మొన్న మాత్రం పాఠం చివర ఒక్కొక్కరికి ఒక కాగితపు పట్టీ ఇచ్చి, సమోసా మడిచి చూపమన్నాను. ఎవరికీ కుదరలేదు. అతడు లేచి ముందుకు వచ్చి, ఎవరి వైపూ చూడకుండా మూడు మడతలలో ముగించాడు. తరువాత బల్ల మీద నేను మడిచినదాన్ని తీసి తిప్పి చూశాడు.

"మూల మూయలేదు ఉస్తాద్. దీనిలోకి నూనె పోతుంది" అన్నాడు.