డబ్బా ఖాళీగా ఇంటికి రావాలంటే

పేద పిల్లల ఫీజులకు, పుస్తకాలకు, యూనిఫారాలకు మన దాతలు ఏటా జకాత్ నుంచి, సదఖా నుంచి సాయం చేస్తున్నారు. అల్లాహ్ స్వీకరించుగాక. అయితే మనం ఫీజు కట్టిన పిల్లవాడు మధ్యాహ్నం ఏం తింటున్నాడన్న ప్రశ్న మన లెక్కల్లోకి రాదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు మధ్యాహ్న భోజన పథకం ఉంది. చిన్నచిన్న ప్రైవేటు బడుల్లో చదివేవారికి అది వర్తించదు. వారికి ఇంటి నుంచి వెళ్లే డబ్బాయే ఆధారం. అది సగం నిండుగా తిరిగి వచ్చిందంటే మధ్యాహ్నం పాఠాలన్నీ ఆ బిడ్డ అరాకలితో విన్నట్టే.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఆనాటి ఆ పసిపిల్లలే ఈనాటి బడిపిల్లలు. రక్తం తక్కువైన బిడ్డ త్వరగా అలసిపోతాడు, పాఠం మీద మనసు నిలపలేడు. బడిలో మాత్రం అతనికి సోమరి అని పేరు పడుతుంది.

డబ్బాలో ఎంత ఉండాలి?

మధ్యాహ్న భోజన పథకం కొలతే మనకూ పనికొస్తుంది. ప్రాథమిక తరగతుల పిల్లలకు ఒక పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీను అని అందులో నిర్ణయించారు.

ఇది అందుకోవడానికి ఖరీదైన పొడులు, డబ్బా పాలు అక్కర్లేదు. 60 గ్రాముల బియ్యం, 20 గ్రాముల మసూర్ పప్పు, రెండు టీ చెంచాల నూనెతో చేసిన ఖిచిడీ, పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెడితే చిన్నపిల్లల కొలత దాదాపు పూర్తవుతుంది. మన ఇళ్లలో పొద్దున్నే చేసుకునే ఖిచిడీయే ఇది. దానికి తోడుండే నువ్వుల ఖట్టాను పలచగా కాకుండా పచ్చడిలా గట్టిగా చేస్తే డబ్బాలో కారిపోదు.

అదే స్థానంలో బిస్కెట్ ప్యాకెట్టో, నూడుల్సో పెడితే కడుపు నిండినట్టు ఉంటుంది కానీ అందులో ఎక్కువ భాగం మైదా, నూనె. బిస్కెట్లలో చక్కెర, నూడుల్సులో ఉప్పు అదనం. ప్రోటీను, ఇనుము అంతంతమాత్రమే.

పిల్లలు ఎందుకు తినరు?

తల్లి మంచిదే పెట్టినా డబ్బా తిరిగి వస్తుంటే నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది సమయం. భోజన విరామంలో చేతులు కడుక్కోవడానికీ ఆటకూ పోగా తిండికి మిగిలేది కొద్ది నిమిషాలే. కలుపుకోవలసినవి, ముళ్లు తీయవలసినవి, ఎముకలున్నవి ఆ సమయంలో తెమలవు. నాలుగు ముద్దల్లో, నాలుగు ముక్కల్లో అయిపోయేవి పెట్టాలి. చపాతీలో ఖీమానో గుడ్డు పొరటునో చుట్టి సగానికి కోసి పెడితే చేతికి అంటకుండా తింటారు.

రెండోది చల్లారిన రుచి. పొద్దున వేడిగా బాగున్నది మధ్యాహ్నానికి ముద్ద కట్టి, నూనె పేరుకుని ఉంటుంది. కొత్త వంటకాన్ని ఒక సెలవు రోజున వండి, మూత పెట్టి, నాలుగు గంటల తర్వాత తల్లే రుచి చూస్తే సంగతి తెలిసిపోతుంది. అన్నం పలుకుగా, కూర పొడిగా ఉండాలి. మాంసం వేపుడుకు కొవ్వు లేని ముక్క మేలు.

మూడోది తోటి పిల్లల చూపు. వాసన వస్తోందని ఎవరైనా నవ్వితే బిడ్డ మరునాడు మూతే తీయడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పడు, ఆకలి లేదంటాడు. ఎందుకు తినలేదని గద్దించకుండా, పక్కన ఎవరు కూర్చున్నారు, వాళ్లేం తెచ్చుకున్నారు అని అడిగితే అసలు కారణం బయటపడుతుంది. కొన్ని బడుల్లో గుడ్డు, మాంసం తేనివ్వరు. అలాంటి చోట ఉడికించిన శనగలు, పెసర గారెలు, పల్లీల పొడి కలిపిన అన్నం పెట్టవచ్చు.

నాలుగోది కొత్తదనం. పిల్లలు తెలియని కూరను మొదటిసారే ఇష్టపడరు. ఎనిమిది, పదిసార్లు కొద్దికొద్దిగా కనిపిస్తేనే అలవాటు పడతారు. కాబట్టి కొత్త ఆకుకూరను నేరుగా డబ్బాలో పెట్టకూడదు. ముందు ఇంట్లో రాత్రి భోజనంలో అలవాటు చేసి తర్వాత బడికి పంపాలి. మెంతికూర, మునగాకు సన్నగా తరిగి చపాతీ పిండిలో కలిపితే త్వరగా ఒప్పుకుంటారు. ఏం కావాలి అని అడిగితే చిప్సు అంటారు. గుడ్డా, శనగలా అని అడిగితే రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు. తాను ఎంచుకున్నది కాబట్టి తింటారు.

చిన్న జాగ్రత్తలు

ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే వాటితోపాటు విటమిన్ సి ఉండాలి. నిమ్మరసం పిండిన శనగలు, ఒక జామకాయ ముక్క అందుకే. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగానే విటమిన్ సి ఉంటుంది. టీ మాత్రం ఇనుమును పట్టనివ్వదు. కాబట్టి భోజనంతో, భోజనమైన వెంటనే పిల్లలకు టీ ఇవ్వరాదు.

రాత్రి బయట వదిలేసిన అన్నాన్ని పొద్దున తాలింపు వేసి పంపడం ప్రమాదం. అందులో పెరిగే ఒక రకం సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడి చేసినా పోదు. రంజాన్ నెలలో ఈ జాగ్రత్త మరీ అవసరం. సహరీకి తెల్లవారుజామున వండినదాన్నే ఉపవాసం లేని చిన్నపిల్లల డబ్బాలో పెడితే వారు తినేసరికి ఎనిమిది గంటలు దాటుతుంది. వారికి బడి వేళకు కొంచెం విడిగా వండాలి. అయిదేళ్లలోపు పిల్లలకు పల్లీలు గింజలుగా ఇస్తే గొంతులో అడ్డుపడవచ్చు. పొడి చేసి ఇవ్వాలి.

దాతలు చేయగలిగినది

ఆహారం గురించి దివ్య ఖుర్ఆన్ హలాల్ అన్న మాట పక్కనే తయ్యిబ్ అన్న మాటనూ పెట్టింది. ధర్మసమ్మతం కావడంతోపాటు మంచిదీ, శుభ్రమైనదీ కావాలి. మనం ఇచ్చే దానానికీ ఈ కొలతే పెట్టుకుందాం.

మనం పంచే రేషన్ కిట్లలో సాధారణంగా బియ్యం, నూనె, చక్కెర, మైదా, సేమియా ఉంటాయి. పండుగ గడపడానికి అవి చాలు. కానీ తల్లి డబ్బాలో పెట్టగలిగేది ఇంట్లో ఉన్నదే కదా. మైదా, చక్కెర తగ్గించి ఆ డబ్బుతో మసూర్ పప్పు, శనగలు, పల్లీలు, రాగి పిండి చేర్చవచ్చు. ఇవి చాలా రోజులు నిలవ ఉంటాయి, పంచడం సులువు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గుడ్లు కిట్లో ఇమడవు కనుక వీధిలోని కిరాణా కొట్టుతో మాట్లాడుకుని, ఒక్కో బిడ్డకు వారానికి మూడు గుడ్ల చొప్పున కొట్టువాడికే నెలనెలా సొమ్ము కట్టవచ్చు. బ్యాగు, నోటుపుస్తకాలతోపాటు గట్టి మూత ఉన్న రెండు అరల స్టీలు డబ్బా, ఒక చెంచా, నీళ్ల సీసా ఇవ్వవచ్చు. దాత బిడ్డ వాడే డబ్బా లాంటిదే కొనాలి. సొసైటీ పేరు దాని మీద ముద్రించవద్దు. పదిమందిలో అది తెరవవలసింది ఆ బిడ్డే.

వచ్చే ఏడాది ఉపకార వేతనాల దరఖాస్తులు చూసేటప్పుడు మార్కులు అడిగినట్టే, తల్లిని విడిగా ఒక మాట అడుగుదాం: “అమ్మా, బిడ్డ మధ్యాహ్నం ఏం తింటున్నాడు?” ఆమె చెప్పే జవాబును బట్టి ఆ ఇంటికి వెళ్లే కిట్లో ఏం ఉండాలో నిర్ణయిద్దాం, ఇన్షా అల్లాహ్.