చదరంగపు గడుల లెక్క

చదరంగం బల్లమీద మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు, ఇట్లా ఇబ్బడి చేసుకుంటూ అరవైనాలుగు గడులూ నింపమని ఒకడు రాజుగారిని అడిగిన కథ మన యిళ్లలో విననివారు వుండరు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'వడ్లగింజలు' చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ మొత్తం యెంతో నోటితో చదవమంటే మన పిల్లలు తెల్లమొగం వేస్తున్నారు. బడిలో లెక్కలు ఇంగ్లీషులోనో అరవంలోనో అయిపోయె! కనుక ముందు తెలుగులో చదువుదాము.

18446744073709551615. లక్షా యెనభైనాలుగువేల నాలుగువందల అరవైయేడు కోట్ల కోట్లు. ఆపైన నలభైనాలుగు లక్షల యేడువేల మూడువందల డెబ్బై కోట్లు. ఆపైన తొంభైఅయిదు లక్షల యాభైఒక్కవేల ఆరువందల పదిహేను. వెయ్యి గింజలు 25 గ్రాములు తూగుతాయనుకుంటే, సుమారు 46 వేల కోట్ల టన్నుల ధాన్యం. ఈనాడు ప్రపంచమంతటా యేటా పండే వడ్లు ఇంచుమించు 80 కోట్ల టన్నులు. అంటే ఐదువందల యేండ్ల పంటకు పైమాటే. ఇక రాజుగారి గాదెల సంగతి చెప్పేదేమున్నది?

ఇన్ని గడులూ కూడనక్కరలేదు. యే గడి అయినా దాని ముందున్నవాటి మొత్తంకంటె ఒకటే యెక్కువ. 1, 2, 4 కలిపితే 7; తరువాతి గడిలో 8. కాబట్టి బల్లమీద లేని 65వ గడిని లెక్కకట్టి ఒకటి తీసివేస్తే సరి. నిత్యం కూడికలతో కుస్తీపట్టే మావంటి గుమాస్తాలకు ఇంతకంటె తీపి మాట వున్నదా?

అసలు విశేషం ఈ సంఖ్యను విడదీసినప్పుడు కనబడుతుంది. మొదటి సగం బల్లలోని గింజలు 4294967295. దానిని 4294967297తో హెచ్చవేస్తే మొత్తం వస్తుంది. మొదటిది 3, 5, 17, 257, 65537 అనే ఐదు ప్రధాన సంఖ్యల లబ్ధం. వీటిలో ఒక్కొక్కదానినుంచి ఒకటి తీసి చూడండి: 2, 4, 16, 256, 65536. ప్రతిదీ ముందుదాని వర్గమే. ఆ వరుసలో ఆరవదే 4294967297.

ఫ్రాన్సులో తులూజ్ నగరపు న్యాయస్థానంలో వుద్యోగం చేస్తూ, తీరికవేళల లెక్కలు చేసిన ఫెర్మా, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో తలచాడు. ఐదు సరిపోయినవి, ఆరవది భాగించి చూడడం తేలికా? తొంభై యేండ్లకు పైగా ఆ మాట నిలిచింది. 1732లో ఆయిలరు దానిని 641 భాగిస్తుందని చూపాడు. ఆరవదానిని భాగించే ప్రధాన సంఖ్య యేదైనా 64 యొక్క గుణిజానికి ఒకటి కలిపినదిగానే వుండాలని కూడా ఆయన నిరూపించాడు. అట్టివి వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే దొరుకుతుందన్నమాట! ఫెర్మాగారు పట్టుపట్టి వుంటే ఒక పూట పని.

65537 తరువాత ఈ వరుసలో మరొక ప్రధాన సంఖ్య ఈనాటికీ, ఇన్ని యంత్రాలు వుండీ, దొరకలేదు. 641ని 6700417తో హెచ్చవేసి చూడడానికి మాత్రం పిల్లలకు యంత్రం అక్కరలేదు, పలక చాలును.