గంజాయి సరుకుకు బూజు బెడద

పంట బాగా పండి కూడా సరుకు చెల్లకపోవడం మిర్చి వర్తకులకు కొత్త కాదు. 2018లో గంజాయి అమ్మకాలకు లైసెన్సులు ఇచ్చిన కెనడా, కాలిఫోర్నియాలలో సాగుదారులకూ, పంపిణీదారులకూ ఇదే చిక్కు ఎదురైంది. కారణం బూజు.

పైరు దశలో ముఖ్యమైన తెగుళ్లు రెండు. బూడిద తెగులు ఆకుపై తెల్లని పొడిగా కనిపిస్తుంది కనుక త్వరగా పట్టుకోవచ్చు. రెండవది బొట్రైటిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే పూగుత్తి కుళ్లు. ద్రాక్షను పాడుచేసేదీ ఇదే. గుత్తి దట్టంగా ఉన్నకొద్దీ లోపల తేమ నిలిచి, కుళ్లు అక్కడినుంచే మొదలవుతుంది. అప్పటికి పైకి సరుకు నిగనిగలాడుతూనే ఉంటుంది. కొనేవారు కోరేదీ దట్టమైన గుత్తినే, తెగులు చేరేదీ దానిలోనే.

కోత తరువాత ఆస్పెర్‌జిల్లస్, పెనిసీలియం జాతుల బూజులు తయారవుతాయి. ఎక్కువగా ఆరబెడితే తూకం, వాసన తగ్గుతాయి. తక్కువ ఆరితే బూజు పడుతుంది. అందుకే అక్కడి ప్రమాణం నీటి క్రియాశీలత 0.55 నుంచి 0.65 మధ్య ఉండాలంటుంది.

కాలిఫోర్నియాలో పొగతాగే సరుకును పంపిణీదారు ముందుగా ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. నాలుగు రకాల ఆస్పెర్‌జిల్లస్‌లో ఏ ఒక్కటి కనిపించినా లాటు దుకాణానికి చేరదు. దానిని శుద్ధి చేసి తిరిగి పరీక్షకు పంపాలి, లేదా ధ్వంసం చేయాలి. రోగనిరోధక శక్తి తగ్గిన వారి ఊపిరితిత్తులకు ఈ బూజు ప్రమాదకరం కావడమే ఇంత కట్టడికి కారణం. కెనడాలో పలువురు ఉత్పత్తిదారులు సరుకుపై గామా కిరణాలు ప్రసరింపజేస్తారు. ఇది అదనపు ఖర్చు. పైగా కిరణాలు బూజును చంపినా, అది అప్పటికే వదిలిన విషం పోదు.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి వ్యాపారం నేరం. కనుక ఆ సరుకుతో ఇక్కడి వర్తకులకు పనిలేదు, బూజుతో మాత్రం ఉంది. పై నాలుగింటిలో ఒకటైన ఆస్పెర్‌జిల్లస్ ఫ్లావస్సే మిర్చి, వేరుశనగలలో అఫ్లాటాక్సిన్ విషాన్ని పుట్టిస్తుంది. ఎండుమిర్చిలో అది కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములు, అందులో బి1 రకం 5 మైక్రోగ్రాములు మించితే ఐరోపా యూనియన్ మార్కెట్ అంగీకరించదు. తాలుకాయ ఏరితే రంగు కుదురుతుంది గాని, మిగిలిన కాయలోని విషం కంటికి కనిపించదు. కల్లంలో సరిగా ఆరని సరుకును కొన్న వ్యాపారి, దానితోపాటు నష్టాన్నీ కొన్నట్లే.